నా చిగుళ్ళ వైద్యం, దాని వెనకున్న ఎల్‌ఎల్-37

పళ్ళు తోముకుంటుంటే రక్తం వస్తోందని పర్లాకిమిడిలో ఎవరితో చెప్పినా "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. మా అత్త అయితే గుడాకు డబ్బా చేతికిస్తుంది. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసే ఆ నల్లటి ముద్దతో పళ్ళు రుద్దుకోవడం ఒడిశాలో చాలా ఇళ్ళలో మామూలే. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న మన తెలుగువాళ్ళకీ అలవాటైపోయింది. "చిన్నప్పటినుంచి రాసుకుంటన్నాను, నా పళ్ళకేటైనాది? ఒక్క చుక్క రక్తం రాదు" అంటుంది. చూస్తే నిజమే, ఆవిడ చిగుళ్ళ నుంచి రక్తం రాదు. నా చిగుళ్ళ నుంచే వస్తోంది.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు లాబ్‌లో టెక్నీషియన్‌ని. సీబీసీ (అంటే రక్తకణాల లెక్క), షుగర్, మలేరియా స్లైడ్లు, ఇదే రోజూ పని. గుమ్మ, కాశీనగర్ వైపు నుంచి జ్వరంతో వచ్చేవాళ్ళ స్లైడ్లు చూసీ చూసీ తెల్ల రక్తకణాలు నాకు బాగా పరిచయం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నా చిగుళ్ళ జబ్బు నాకు అర్థమయింది ఆ కణాల వల్లే, వాటిలో ఉండే ఎల్‌ఎల్-37 అనే ప్రోటీన్ వల్లే.

రక్తం రావడం ఎప్పటినుంచో ఉంది. తర్వాత కింది ముందు పళ్ళ మధ్య సందు పెరిగింది. పొద్దున లేచేసరికి నోట్లో తుప్పు రుచి. కుడివైపు కింది దవడ పన్ను నాలుకతో తోస్తే కొంచెం కదిలేది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకున్నన్నాళ్ళు వాసన తగ్గి, ఆపగానే మళ్ళీ మొదలయ్యేది. పాతపట్నంలో పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసి, పన్ను చుట్టూ ఎముక తగ్గిన చోటు పెన్నుతో గీసి చూపించారు. "ఇది చిగుళ్ళ స్పెషలిస్టు చూడాల్సిన కేసు, బరంపురం వెళ్ళండి" అని కాగితం రాసిచ్చారు. ఎముక తగ్గిందన్న మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. పన్ను పుచ్చడం తెలుసు, ఊడటం తెలుసు. నొప్పి కూడా లేకుండా ఎముక కరిగిపోతుందని అప్పటిదాకా తెలీదు.

బరంపురంలో నన్ను చూసింది ఒడియా డాక్టరమ్మ. అక్కడే పెరిగారట, తెలుగు మనలాగే మాట్లాడతారు. మొదట చేసింది కొలత. మొన మొద్దుగా ఉండి, మిల్లీమీటర్ల గీతలు ఉన్న సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి, ఎంత లోతుకి దిగిందో చూస్తారు. ఒక్కో పంటికి ఆరు చోట్ల. ఆవిడ అంకెలు చెప్తుంటే పక్కనున్న అమ్మాయి చార్టులో రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు." మూడు దాకా ఆరోగ్యమే అని ముందే చెప్పారు కాబట్టి అంకె అంకెకీ చెవి ఒగ్గి కూర్చున్నాను. కింది ముందు పళ్ళకి వచ్చేసరికి ఐదు, ఐదు, ఆరు. కుడి దవడ పన్ను దగ్గర ఏడు. కడ్డీ తీసిన ప్రతిచోటా వెనకాలే ఎర్రగా రక్తం ఊరింది. నాకు అద్దం ఇచ్చి చూపించారు కూడా.

చిగురుకీ పంటికీ మధ్య ఏర్పడిన ఆ లోతునే పాకెట్ అంటారు. అందులో పాచి చేరి, గట్టిపడి గార అవుతుంది. ఆ గార గరుకు మీద మళ్ళీ కొత్త పాచి పడుతుంది. అంత లోపలికి బ్రష్షు పోదు, పుక్కిలించిన మందు పోదు, లాలాజలమూ సరిగ్గా దిగదు. గాలి ఆడని ఆ చీకట్లో గాలి అక్కర్లేని బాక్టీరియా పెరుగుతుంది. వాటిలో బాగా పేరుమోసినది పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్. మైక్రోబయాలజీలో దీని గురించి చదువుకున్నాను. బ్లడ్ అగార్ (రక్తం కలిపిన జెల్లీ) మీద పెంచితే దీని కాలనీలు నల్లగా వస్తాయి. రక్తంలో ఇనుము ఉండే హీమ్‌ అనే పదార్థాన్ని లాక్కుని ఒంటికి పట్టించుకుంటుంది కాబట్టి ఆ నలుపు. దానికి ఇనుము కావాలి, ఇనుము రక్తంలో ఉంది. చిగురు నుంచి రక్తం కారినంతకాలం దానికి అన్నం పెడుతున్నట్టే.

"సీబీసీ, హెచ్‌బీఏ1సీ చేయించుకుని రండి" అన్నారు డాక్టరమ్మ. షుగరు ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, జబ్బు ముదిరితే షుగరు అదుపు తప్పుతుంది. అందుకు ఆ రెండోది. మరి సీబీసీ ఎందుకని అడిగాను, లాబ్‌లో నేనే చేస్తానని కూడా చెప్పాను. "అయితే మీకు సగం పని చెప్పక్కర్లేదమ్మా" అని కుర్చీ ఇటు తిప్పి కూర్చున్నారు. బయట పేషెంట్లు ఉన్నా తీరిగ్గా చెప్పారు. నేను అడుగుతున్నకొద్దీ ఆవిడకీ ఉత్సాహం వచ్చింది.

ఆవిడ చెప్పిన మొదటి సంగతి: సీబీసీలో లెక్కకొచ్చే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోవు. ఏ జబ్బూ లేని మనిషిలో కూడా అవి చిగురు కింది పొర దాటి, పంటి పక్క సందులోంచి నోట్లోకి నిరంతరం దిగుతూనే ఉంటాయి. అక్కడ ఎప్పుడూ కాపలా ఉండాల్సిందే. శరీరం మొత్తంలో గట్టి వస్తువొకటి చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చి, అలాగే నిలబడి ఉండే చోటు పన్ను ఒక్కటే. ఆ అతుకు దగ్గర సందు తప్పదు.

రెండో సంగతి: ఆ న్యూట్రోఫిల్స్ తమ కణికల్లో మోసుకొచ్చే ఆయుధాల్లో ఒకటి ఎల్‌ఎల్-37. ఇది మన సొంత ప్రోటీన్. మొదట హెచ్‌క్యాప్-18 అనే పెద్ద ప్రోటీన్‌గా కణికల్లో నిద్రాణంగా ఉంటుంది. కణం దాన్ని బయటికి వదిలాక, ప్రొటీనేజ్ 3 అనే ఎంజైమ్ చివర ముక్కని కోసి వేరు చేస్తుంది. ఆ ముక్కలో 37 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ అనే దండలో పూసల్లాంటివి. మొదటి రెండూ ల్యూసిన్లు, ల్యూసిన్ గుర్తు ఎల్. అదే ఆ పేరు. ఈ కుటుంబం ప్రోటీన్లని కాథెలిసిడిన్లు అంటారు. కొన్ని జంతువుల్లో ఇవి చాలా రకాలు ఉంటాయి గానీ మనిషికి ఉన్నది ఈ ఒక్కటే. దీని జన్యువుని 1995లో గుర్తించారు, ఆ పని చేసినవాళ్ళలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉన్నారు. ఒక్క న్యూట్రోఫిల్సే కాదు, చిగురు పైపొర కణాలు కూడా దీన్ని తయారుచేస్తాయి.

మర్నాడు లాబ్‌లో నా రక్తం నేనే తీయించుకుని స్లైడ్ వేశాను. లీష్‌మాన్ రంగు వేసి ఆయిల్ ఇమ్మర్షన్‌లో పెట్టి చూశాను. న్యూట్రోఫిల్ అంటే లెక్కపెట్టడానికి కౌంటర్ మీటలు నొక్కే అలవాటే గానీ, ఒక్కదాన్ని పట్టుకుని అలా చూసింది లేదు. మూడు నాలుగు తమ్మెలుగా విడిన వంగపండు రంగు కేంద్రకం. చుట్టూ లేత గులాబీ జీవద్రవ్యం. అందులో దుమ్ము చల్లినట్టు సన్నటి కణికలు. హెచ్‌క్యాప్-18 ఉండేది ఆ కణికల్లోనే. నా కౌంట్ మామూలుగానే ఉంది, షుగరు కూడా లేదు. సైన్యం సరిపడా ఉంది, ఆయుధాలూ ఉన్నాయి. మరి ఆ ఏడు మిల్లీమీటర్ల పాకెట్‌లో ఓడిపోతున్నది ఎందుకు? ఇదే అడుగుదామని తర్వాతిసారి బరంపురం బస్సులో కూర్చున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

జవాబు విన్నాక చాలాసేపు దాని గురించే ఆలోచించాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఎల్‌ఎల్-37 బాక్టీరియాని చంపేది విద్యుదావేశంతో. దాని 37 అమైనో ఆమ్లాల్లో ఆరు లైసిన్లు, ఐదు ఆర్జినైన్లు. ఈ పదకొండూ ధనావేశం ఉన్నవి. ఋణావేశం ఉన్నవి ఐదే. అంటే మొత్తం మీద ఆరు ధనావేశాలు మిగులుతాయి. బాక్టీరియా పైపొర ఋణావేశంతో ఉంటుంది, అందుకే ఇది వెళ్ళి దానికి అతుక్కుంటుంది. అతుక్కోగానే మరచుట్టులా మెలి తిరిగి, కొవ్వుని ఇష్టపడే వైపు పొరలోకి దించుతుంది. పొర చెదిరి బాక్టీరియా లోపలి సరుకు బయటికి కారిపోతుంది. మన కణాల బయటి పొరకి అంత ఋణావేశం లేదు, అందులో కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది కాబట్టి మామూలు మోతాదులో మన కణాల జోలికి పెద్దగా రాదు. చచ్చిన బాక్టీరియా నుంచి ఊడిపడే ఎండోటాక్సిన్‌ని కూడా పట్టుకుని దాని విషం తగ్గిస్తుంది. ఎముక కరిగేది బాక్టీరియా నేరుగా కొరకడం వల్ల కాదు, ఆ ఎండోటాక్సిన్ లాంటివాటికి మన శరీరం మంటెక్కిపోవడం వల్ల. అందుకని ఈ రెండో పని కూడా మొదటిదంత ముఖ్యం.

చిగుళ్ళ జబ్బు బాక్టీరియాల్లో కొన్ని దీనికి బాగానే లొంగుతాయి. అగ్రిగేటిబాక్టర్ అనే ఒకటుంది, చిన్న వయసులోనే ఎముకని తినేసే రకం జబ్బులో కనిపిస్తుంది. అది ఎల్‌ఎల్-37కి చస్తుంది. జింజివాలిస్ అంత తేలిగ్గా చావదు. అది జింజిపెయిన్లనే ఎంజైమ్‌లు వదులుతుంది. వాటిలో ఒక రకం ప్రోటీన్‌ని ఆర్జినైన్ తర్వాత కోస్తుంది, ఇంకో రకం లైసిన్ తర్వాత కోస్తుంది. ఎల్‌ఎల్-37 బలమంతా ఉన్నది ఆ పదకొండు చోట్లే, వేటు పడేదీ ఆ పదకొండు చోట్లే. జింజివాలిస్ ఉన్న పాకెట్లలోంచి తీసిన ద్రవంలో ఎల్‌ఎల్-37 ముక్కలైపోయి కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. లాలాజలం తోడుంటే ఈ కోత కొంత తగ్గుతుందని ప్రయోగశాలలో చూశారు. కానీ లోతైన పాకెట్‌లోకి లాలాజలం దిగదు కదా. పైన నోట్లో గెలిచే ప్రోటీన్ కింద పాకెట్‌లో ఓడిపోవడం వెనక ఇంత ఉంది.

ఇది నిజంగా చిగుళ్ళని కాపాడేదేనా, పది ఆయుధాల్లో ఒకటా అని నాకు అనుమానం వచ్చింది. దానికి డాక్టరమ్మ రెండు అరుదైన జబ్బుల గురించి చెప్పారు. ఉత్తర స్వీడన్‌లో కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ దాదాపు లేని పిల్లల్ని 1950లలో కోస్ట్‌మాన్ అనే డాక్టరు వర్ణించారు. ఇప్పుడు ఆ జబ్బుకి కణాల సంఖ్య పెంచే ఇంజెక్షన్ ఉంది. సంఖ్య పెరిగి పిల్లలు బతుకుతున్నారు. కానీ చిగుళ్ళ జబ్బు మాత్రం వదలడం లేదు. 2002లో చూస్తే, ఆ న్యూట్రోఫిల్స్‌లో ఎల్‌ఎల్-37 లోపించింది. వాళ్ళ లాలాజలంలోనూ లేదు. మూలుగ మార్పిడి చేయించుకున్న ఒకరి రక్తంలో మాత్రం కనిపించింది. రెండోది పాపియోన్-లెఫెవ్ర్ సిండ్రోమ్. అరచేతులు, అరికాళ్ళు మందంగా పొలుసు కడతాయి, పాలపళ్ళు వచ్చిన కొన్నాళ్ళకే చిగుళ్ళు పాడై ఊడిపోతాయి, తర్వాత వచ్చే పళ్ళదీ అదే గతి. అందులో కాథెప్సిన్ సి అనే ఎంజైమ్ జన్యువు చెడి ఉంటుంది. ఆ ఎంజైమ్ లేకపోతే ప్రొటీనేజ్ 3 పనిచేయదు. ప్రొటీనేజ్ 3 లేకపోతే హెచ్‌క్యాప్-18 ఉన్నా ఎల్‌ఎల్-37 బయటికి రాదు. ఆ పిల్లల్లో లోపం ఈ ఒక్క ప్రోటీన్‌ది మాత్రమే కాదు. అయినా రెండు వేర్వేరు జబ్బులు ఒకే చోటికి చేరడం చూశాక నా అనుమానం పోయింది.

అయితే ఇదే ప్రోటీన్‌ని మందుగా ఇచ్చేయొచ్చు కదా? నేనూ అడిగాను. దాన్ని, దాని పోలికతో తయారుచేసిన ముక్కల్నీ పరిశోధిస్తున్నారు గానీ, చిగుళ్ళకి రోజువారీ వైద్యంగా వాడే మందు ఏదీ అందులోంచి రాలేదు. పైగా ఇది ఎక్కువైతే కూడా చేటే. ముఖం ఎర్రబడి మండే రొసేసియాలో, సోరియాసిస్‌లో దీని పాత్ర ఉందని 2007లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. విటమిన్ డి ఈ జన్యువుని మేల్కొలుపుతుందన్నదీ నిజమే. నాకు డి తక్కువుందని మాత్రలు రాశారు కూడా. కానీ "ఇది ఎముకల కోసం వేసుకోండి, గార తీయించుకోవడం బదులు కాదు" అని గట్టిగా చెప్పారు. ఎల్‌ఎల్-37 పేరు చెప్పి చిగుళ్ళ మందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఇంతకీ వైద్యం ఏమిటంటే, ఆ లోతులో పేరుకున్న గారనీ పాచినీ చేత్తో తీసేయడం. పాచి బంకలో దాక్కున్న బాక్టీరియాకి యాంటీబయాటిక్ కూడా సరిగ్గా అందదు. మెడికల్ షాపు మాత్రలతో జబ్బు ఎందుకు తిరిగొచ్చేదో నాకు అప్పుడు అర్థమయింది. ఆ గార, పాచి పోతే బాక్టీరియా సంఖ్య పడిపోతుంది, కోసే ఎంజైమ్ తగ్గుతుంది, మన ప్రోటీన్‌కి మళ్ళీ పనిచేసే వీలు దొరుకుతుంది.

ఒక్కో విజిట్‌లో నోటికి ఒక పక్క చేశారు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, అంతే. పెదవి లావెక్కినట్టయ్యాక మొదట నీళ్ళు చిమ్ముతూ కీచుమనే అల్ట్రాసోనిక్ స్కేలర్. అది పైపైన. తర్వాత సన్నటి కొంకి కత్తులు, క్యూరెట్లంటారు, వాటితో చిగురు కింద పంటి వేరుని గీకారు. నొప్పి లేదు, కానీ ఆ చప్పుడు దవడ ఎముకలోంచి చెవిలోకి వినిపిస్తుంది. మొదట గరగరమని, శుభ్రపడేకొద్దీ నునుపుగా మారుతుంది. ఆవిడ కూడా చేతికి తెలిసే ఆ నునుపుని బట్టే ఆపేవారు. నా దవడ పన్ను దగ్గర తీసిన గార ముక్క గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు, మిరియం గింజలో సగం ఉంటుంది. పైన పంటి మీద కనిపించే గార పసుపుగా ఉంటుంది. చిగురు కిందది ఇలా నల్లగా ఉండటానికి కారణం మళ్ళీ రక్తమే.

పళ్ళు క్లీనింగ్ చేయిస్తే కదులుతాయని మా ఊళ్ళో గట్టి నమ్మకం. ఎందుకలా అనిపిస్తుందో నాకూ అనుభవమైంది. ముందు పళ్ళని ఇన్నాళ్ళూ గారే ఒకదానికొకటి అంటించి పట్టుకుంది. అది పోయాక మొదటి వారం కొంచెం వదులుగా తోచింది. వాచిన చిగురు తగ్గి పళ్ళు పొడవుగా కనిపించాయి, సందులు బయటపడ్డాయి, చల్లనీళ్ళు జివ్వుమన్నాయి. ఇవన్నీ ముందే చెప్పి ఉంచారు కాబట్టి భయపడలేదు. చెప్పకపోయి ఉంటే నేనూ పదిమందికీ క్లీనింగ్ వద్దని చెప్పేదాన్నేమో. తర్వాత చిగురు బిగిసేకొద్దీ ఆ వదులు తగ్గింది.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత రెండు వారాలే వాడమన్నారు. ఎక్కువ వాడితే పళ్ళకి గోధుమరంగు పడుతుంది, నాలుకకి రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడకూడదు, అరగంట ఆగాలి. బ్రష్షు పట్టడం కూడా మళ్ళీ నేర్పించారు. పీచు చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి చిన్నగా కదపడం, పళ్ళ సందుల్లో సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్షు దూర్చి తీయడం. రోజూ రాత్రి ఇది చేస్తున్నాను. మొత్తం వైద్యంలో కష్టమైన భాగం ఇదే, ఎవరూ చూడరు కాబట్టి.

అత్త ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. పొగాకులో ఉండే నికోటిన్ చిగుళ్ళలో రక్తనాళాలని ముడుస్తుంది. అందుకే రక్తం రాదు. జబ్బు లేక కాదు, జబ్బు కనిపించక. పొగాకు న్యూట్రోఫిల్స్ పనిని కూడా దెబ్బతీస్తుంది. అంటే ఆయుధాలు మోసేవాళ్ళే నీరసపడతారన్నమాట. ఇదంతా ఇంటికొచ్చి చెప్పాను. "మరి ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పనేదేటే?" అంది. నోరు తెరిపించి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే, గుడాకు పెట్టుకునే చోట బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపించింది. అలాంటి మచ్చని నిర్లక్ష్యం చేయకూడదు, అది కేన్సర్‌కి దారితీయొచ్చు. తన పళ్ళ కోసం రానన్న మనిషి ఈ మచ్చ సంగతి విన్నాక నాతో పాతపట్నం వచ్చింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అదృష్టం కొద్దీ కేన్సర్ లక్షణాలు లేవు, గుడాకు మాత్రం పూర్తిగా మానేయాలన్నారు. మానడానికి అవస్థ పడుతోంది, పడనీ, మేమందరం పక్కనే ఉన్నాం.

నాకు మళ్ళీ కొలత తీశారు. ఆ అమ్మాయే చార్టు పట్టుకుంది. కింది ముందు పళ్ళ దగ్గర మూడు, మూడు, నాలుగు. కడ్డీ తీశాక రక్తం రాలేదు. కుడి దవడ పన్ను దగ్గర మాత్రం ఏడు పోయి ఆరైంది, అక్కడ ఇంకా కొంచెం రక్తం ఊరింది. ఆ పంటికి వేర్లు చీలే చోట గార మిగిలిపోయి ఉంటుందన్నారు, ఆ మలుపులోకి పరికరం సరిగ్గా పోదట. మళ్ళీ ఒకసారి గీకారు. వచ్చే విజిట్‌కి ఐదు కన్నా తగ్గకపోతే చిగురు తెరిచి నేరుగా చూస్తూ శుభ్రం చేయాల్సి ఉంటుంది. అలా చేసినా చేయకపోయినా మూడు నెలలకోసారి కొలత, క్లీనింగ్ ఉండాల్సిందే, పాకెట్‌లోకి ఆ బాక్టీరియా మళ్ళీ చేరుతుంది కాబట్టి. తర్వాతి తేదీ రాయించుకుని వచ్చాను.